మొదటి రోజు ఎంత బరువు? లెక్క మొదలయ్యేది రెండో బరువు దగ్గర

జిమ్‌లో చేరిన మొదటి రోజు ట్రైనర్ మనిషిని పైనుంచి కిందదాకా ఒకసారి చూసి, మగవాళ్లయితే 5 కిలోల డంబెల్స్, ఆడవాళ్లయితే 2 కిలోల డంబెల్స్ చేతిలో పెడతాడు. చాలా చోట్ల ప్రారంభ బరువు ఎంచుకోవడమంటే ఇంతే. ఇంటర్నెట్‌లో వెతికితే ఇంకో రకం సమాధానం దొరుకుతుంది: ఒంటి బరువులో ఇంత శాతం బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని రాడ్‌ని పైకి నెట్టడం), ఇంత శాతం స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం) అంటూ పట్టికలు. 70 కిలోల మనిషి అంటే బస్తాలు మోసే హమాలీ కావచ్చు, పదేళ్లుగా కుర్చీకి అతుక్కుపోయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కావచ్చు. పట్టిక దృష్టిలో ఇద్దరూ ఒకటే.

ఈ రెండు పద్ధతుల్లోనూ ఉన్న పొరపాటు ఒక్కటే. ప్రతి మనిషికీ ఒక 'సరైన బరువు' ముందే ఉంటుందని, దాన్ని కనిపెడితే పని అయిపోతుందని అనుకోవడం. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల దగ్గర అలాంటి స్థిరమైన అంకె ఉండదు. మొదటి రోజు తేలిన లెక్క మూడో వారానికి పనికిరాదు. అందుకే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇక్కడ మొదలుపెడితే దీని తర్వాతి బరువు ఎంత, అక్కడికి చేరడం సాధ్యమేనా?

అంకె ఎందుకు నిలవదో ముందు చూద్దాం. మొదటిసారి బెంచ్ మీద పడుకుని ఖాళీ రాడ్ ఎత్తినవాళ్ల చేతులు వణుకుతాయి. రాడ్ ఒక పక్కకి ఒరుగుతుంది, ఛాతీ మీదికి దించాల్సింది మెడ వైపు పోతుంది. నాలుగైదు సార్లు చేసేసరికి ఆ వణుకు దాదాపు పోతుంది. అంతలోనే కండ పెరిగిందా? లేదు. ఏ కండరాన్ని ఎప్పుడు బిగించాలి, దేన్ని వదలాలి అన్నది మెదడు, నరాలు నేర్చుకున్నాయి. మోరిటానీ, డెవ్రీస్ అనే పరిశోధకులు 1979లోనే ఈ సంగతి చూపించారు. తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాల వైపు నుంచి వస్తుంది, కండ పెరగడం వల్ల వచ్చే వాటా ఆ తర్వాతే పుంజుకుంటుంది. కాబట్టి మొదటి రోజే 'ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు' పరీక్ష పెడితే బయటపడేది బలం కాదు, అలవాటు లేకపోవడం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో ఇచ్చిన మార్గదర్శకం కొత్తవాళ్లకి గరిష్ఠ బరువులో 60 నుంచి 70 శాతంతో, 8 నుంచి 12 రెప్స్ (ఆపకుండా వరసగా అన్నిసార్లు ఎత్తడం) చేయమంటుంది. సూత్రంగా మంచిదే. కానీ గరిష్ఠమే రోజుకో రకంగా ఉన్నప్పుడు దేంట్లో 60 శాతం తీయాలి?

ఈ చిక్కుకి దారి చూపినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది థామస్ డెలోర్మ్ గురించి. 1940ల్లో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్. యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకి అప్పటిదాకా తేలికపాటి బరువుతో ఎక్కువసార్లు కదిలించే వ్యాయామమే చేయించేవారు. ఆయన దాన్ని తిరగేశాడు. పాదానికి ఇనుప బూటు తొడిగి, దానికి బరువులు తగిలించి, సరిగ్గా పది సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో చూశాడు. 1948 నాటికి వాట్‌కిన్స్ అనే సహచరుడితో కలిసి దాన్ని మూడు సెట్లకి, అంటే మూడు విడతలకి కుదించాడు: ఆ పది సార్ల బరువులో సగంతో ఒక సెట్, ముప్పాతికతో ఒకటి, పూర్తి బరువుతో ఒకటి. కొలత ఒక్కసారి ఎత్తే బరువు కాదు, పది సార్లు ఎత్తే బరువు. పైగా మొదటి రెండు సెట్లు వార్మప్ పని కూడా చేసిపెడతాయి. ఇప్పటి జిమ్‌లలో 'మూడు సెట్లు, పదేసి రెప్స్' అని వినిపించే మాటకి వెనక చాలావరకు ఈ ఆసుపత్రి లెక్కే ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు జరుగుతాయి. అక్కడ రాయి ఎంతుంటే అంతే. లేపితే లేపినట్టు, లేకపోతే లేదు. పోటీకి అది బాగుంటుంది గానీ నేర్చుకునేవాడికి మధ్యలో ఆసరా ఏమీ ఉండదు. పాత తాలింఖానాల్లో అందుకే ముందు దండీలు, గుంజీలు తీయించి ఒళ్లు సిద్ధం చేశాకే బరువుల జోలికి పోనిచ్చేవారు. రాడ్‌కి ప్లేట్లు ఎక్కించే ఏర్పాటు వచ్చాక ఆ మధ్య దూరాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకునే వీలు కలిగింది. ఆ ముక్క ఎంత చిన్నది అన్నదే అసలు విషయం, దానికి మళ్లీ వద్దాం.

ముందు మొదటి రోజు పని. ముప్పై దాటిన, 68 కిలోల మనిషి, ఇదివరకు ఎప్పుడూ బరువులు ముట్టనివాడు బెంచ్ ప్రెస్ దగ్గరికి వచ్చాడనుకుందాం. 20 కిలోల ఖాళీ రాడ్‌తో 10 రెప్స్. వణికినా సులువుగానే లేచింది. రెండు నిమిషాలు ఆగి 25 కిలోలు, మళ్లీ 10. ఇదీ లేచింది, అన్ని రెప్సూ ఒకే వేగంతో. 30 కిలోలు పెడితే ఆరో రెప్ దగ్గర రాడ్ వేగం తగ్గింది, ఎనిమిదోదానికి నడుము బెంచ్ మీంచి లేవబోయింది. అక్కడే ఆపేయాలి. అతని ప్రారంభ బరువు 30 కాదు, 25. ఆఖరి రెప్ అయ్యాక కూడా ఇంకో మూడు చేయగలిగేంత ఓపిక మిగలాలి, మొదటి రెప్ ఎలా ఉందో పదోదీ అలాగే ఉండాలి. ఫోన్‌ని పక్కన నిలబెట్టి ఒక సెట్ వీడియో తీసుకుంటే రాడ్ ఎక్కడ నెమ్మదించిందో తెలిసిపోతుంది. చేసేవాడికి ఎలా అనిపించింది అన్నదానికన్నా ఇది నమ్మదగ్గ సాక్ష్యం.

'ఇంకో మూడు మిగిలాయి' అన్న అంచనాలో ఒక ఇబ్బంది ఉంది. కొత్తవాళ్లకి అది సరిగ్గా తెలియదు. మంట పుట్టగానే అయిపోయింది అనుకుంటారు, నిజానికి ఇంకో ఆరేడు ఉంటాయి. వాళ్ల ఇష్టానికే వదిలేస్తే గరిష్ఠంలో 60 శాతం కన్నా తక్కువ బరువే ఎంచుకుంటారని ఈ విషయం మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. దీనికి మందు ఉంది. రెండో వారమో మూడో వారమో కాళ్లతో బరువు నెట్టే లెగ్ ప్రెస్, పైనున్న కడ్డీని కిందికి లాగే లాట్ పుల్ డౌన్ లాంటి మెషిన్ మీద, అంటే రాడ్ మీద పడే ప్రమాదం లేని చోట, ఆఖరి సెట్‌ని ఇక లేవదు అనేదాకా చేయాలి. ముందు మనసులో ఒక అంకె అనుకుని, చివరికి ఎన్ని వచ్చాయో పోల్చుకోవాలి. పది అనుకుంటే పదహారు వచ్చాయంటే మిగతా వ్యాయామాల్లోనూ బరువు తక్కువే పెట్టుకుంటున్నట్టు.

జిమ్‌కి వెళ్లకముందే కొంత సమాచారం మన ఒంటి దగ్గరే ఉంటుంది. మామూలు పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు 65 శాతం, మోకాళ్లు ఆనించి చేస్తే దాదాపు సగం. 68 కిలోల మనిషి మోకాళ్లు ఆనించి పది తీయగలిగితే 30 కిలోలకి పైగా నెట్టుతున్నట్టే. మామూలు పుషప్ ఒక్కటి కూడా రాని కుర్రాడు స్నేహితుల ముందు 50 కిలోల రాడ్ కింద పడుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ట్రైనర్ అక్కర్లేదు.

ఇక రెండో బరువు సంగతి. పైన చెప్పిన 2009 నాటి అమెరికన్ మార్గదర్శకమే, అనుకున్న రెప్స్ కన్నా ఒకటో రెండో ఎక్కువ చేయగలిగినప్పుడు బరువుని 2 నుంచి 10 శాతం పెంచమంటుంది. ఇప్పుడు మన జిమ్ ర్యాక్ దగ్గరికి వెళ్లి చూడాలి. డంబెల్స్ సాధారణంగా రెండున్నర కిలోల తేడాతో ఉంటాయి. 20 నుంచి 22.5కి వెళితే పెరిగింది 12.5 శాతం. 10 నుంచి 12.5కి 25 శాతం. 5 నుంచి 7.5కి ఏకంగా 50 శాతం. అంటే బరువు ఎంత తక్కువైతే తర్వాతి అడుగు అంత పెద్దది. రాడ్ విషయంలోనూ ఇదే గొడవ. ప్లేట్లు జతగా ఎక్కించాలి కాబట్టి, జిమ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లేటు రెండున్నర కిలోలదైతే 20 తర్వాత వచ్చేది 25. మొదటి వారాల్లో ఎక్కువ బలహీనంగా ఉన్నవాళ్లే అందరికన్నా పెద్ద గెంతు వేయాల్సి వస్తుంది. పక్కనే 100 కిలోలు ఎత్తేవాడికి అదే 5 కిలోలు 5 శాతమే.

ఒలింపిక్ స్థాయిలో ఈ అడుగుల లెక్క ఎంత సున్నితమో తెలుగువాళ్లకి గుర్తు చేయనక్కర్లేదు. 2000లో సిడ్నీలో, 69 కిలోల విభాగంలో, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి మొత్తం 240తో కాంస్యం గెలిచింది. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి. ఆమె ఆఖరి ప్రయత్నం 137.5 కిలోలకి, అది నిలవలేదు. ఆ గెంతు 6 శాతం లోపే. 132.5 అడిగి ఉంటే ఎలా ఉండేదన్న చర్చ ఇప్పటికీ వస్తుంటుంది, పతకం కోసం జరిగే పోటీలో ఆ నిర్ణయాన్ని బయట కూర్చుని తప్పుపట్టడం మాత్రం తేలిక. అప్పట్లో బరువులు రెండున్నర కిలోల చొప్పునే పెంచాలి. 2005 నుంచి ఒక కిలో చొప్పున పెంచుకోనిచ్చారు. ప్రపంచంలో అందరికన్నా బలమైనవాళ్లకి ఒక కిలో తేడా ఉండగా, నిన్న చేరినవాడికి మాత్రం 5 తర్వాత 7.5 అంటున్నాం.

దీన్ని అంకెలతో పరీక్షించవచ్చు. గరిష్ఠ బరువు అంచనాకి ఎప్లీ సూత్రం అని ఒకటి వాడుకలో ఉంది: చేసిన రెప్స్‌ని 30తో భాగించి, దానికి ఒకటి కలిపి, ఎత్తిన బరువుతో గుణించాలి. ఉరామరి లెక్కే, రెప్స్ పెరిగేకొద్దీ ఇంకా వదులవుతుంది. అయినా దీని ప్రకారం 20 కిలోలతో 12 రెప్స్ చేసేవాడి గరిష్ఠం 28. అతను 22.5కి మారితే ఏడు రెప్స్ వస్తాయి, కొన్నాళ్లలో మళ్లీ పన్నెండుకి చేరతాడు. 10 కిలోలతో 15 చేసేవాడు 12.5తో ఆరు చేయగలడు, అదీ ఫర్వాలేదు. 5 కిలోలతో 15 చేసేవాడికి గరిష్ఠం 7.5. అంటే తర్వాతి డంబెల్‌ని సరిగ్గా ఒక్కసారి ఎత్తగలడు! చేతులు పక్కకి చాపి లేపే లేటరల్ రెయిజ్‌లో నెలల తరబడి 5 కిలోల దగ్గరే ఆగిపోయేవాళ్ల కథ ఇదే. వాళ్లలో లోపం లేదు, ర్యాక్‌లో ఉంది.

అందువల్ల ప్రారంభ బరువుని ఎంచుకునేటప్పుడే పైకి వెళ్లే దారి కూడా చూసుకోవాలి. పెద్ద కండరాలు పనిచేసే స్క్వాట్, లెగ్ ప్రెస్, రోయింగ్, నేల మీది రాడ్‌ని పట్టుకుని లేచి నిలబడే డెడ్ లిఫ్ట్ లాంటివాటిలో మొదటి బరువే కాస్త ఎక్కువ కాబట్టి అడుగు చిన్నదవుతుంది, అక్కడ బరువు పెంచుకుంటూ పోవచ్చు. భుజాలు, చేతుల వ్యాయామాల్లో ముందు రెప్స్ పెంచాలి: 8తో మొదలుపెట్టి, అదే బరువుతో ప్రతి సెట్‌లోనూ 12 నుంచి 15 వచ్చేదాకా ఆగి, అప్పుడు డంబెల్ మార్చి మళ్లీ కిందకి రావాలి. 5 నుంచి 7.5 లాంటి చోట అదీ చాలదు. కిలో తేడాతో డంబెల్స్ ఉన్న జిమ్ అయితే అదృష్టమే. లేకపోతే అరకిలో, కిలో బరువుండే మణికట్టు పట్టీలు కట్టుకోవచ్చు, లేదా అదే 5 కిలోలని మూడు సెకన్లపాటు నెమ్మదిగా దించుతూ చేయవచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్లకి ఈ బాధే లేదు. సంచిలో లీటరు నీళ్ల సీసా వేస్తే కిలో పెరుగుతుంది, అరలీటరు వేస్తే అరకిలో.

అంకెల గురించి ఇంత మాట్లాడాక, ఆ అంకెలు నిజమేనా అన్న అనుమానం తీర్చుకోవాలి. మన జిమ్‌లలో బరువు అడిగితే 'సైడ్‌కి పది' అంటారు, రాడ్‌ని ఎవరూ లెక్కపెట్టరు. ఏడడుగుల ఒలింపిక్ రాడ్ అయితే 20 కిలోలు, మహిళల పోటీ రాడ్ 15. కాలనీ జిమ్‌లో ఉండే సన్నటి ఐదడుగుల రాడ్ అందులో సగం కూడా ఉండకపోవచ్చు, వంకీల రాడ్ ఇంకో రకం. రాడ్ పట్టుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి బరువు చూసే మెషిన్ మీద నిలబడితే సందేహం తీరిపోతుంది. రెండు నిలువు పట్టాల మధ్య జారే స్మిత్ మెషిన్ రాడ్‌కి వెనకాల ఎదురు బరువు ఉంటే అది ఖాళీగా తేలిపోతుంది. 45 డిగ్రీల లెగ్ ప్రెస్‌లో 100 కిలోలు పెడితే కాళ్ల మీద పడేది, రాపిడి వదిలేస్తే, సుమారు 70. కేబుల్ మెషిన్లలో కప్పీలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి అదే అంకె ఒక జిమ్‌లో తేలిక, ఇంకో జిమ్‌లో బరువు. జిమ్ మారితే మెషిన్ల అంకెలన్నీ కొట్టేసి కొత్తగా రాసుకోవడమే మేలు.

డెడ్ లిఫ్ట్‌లో ఇంకో విడ్డూరం ఉంది. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 450 మిల్లీమీటర్లు. అది ఎక్కిస్తే రాడ్ నేల నుంచి సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తులో, పిక్క మధ్య దగ్గర ఉంటుంది. కొత్తవాళ్లు కదా అని రెండున్నర కిలోల చిన్న ప్లేట్లు ఎక్కిస్తే రాడ్ చీలమండ దాకా దిగిపోతుంది. బరువు తగ్గింది గానీ వంగాల్సిన దూరం పెరిగింది, నడుము గుండ్రంగా వంగుతుంది. తక్కువ బరువే ఎక్కువ కష్టమైపోయింది. కింద రెండు దిమ్మలో, పెద్ద ప్లేట్లో పడుకోబెట్టి వాటి మీద రాడ్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఆడవాళ్ల చేతిలో పెట్టే గులాబీ రంగు 2 కిలోల డంబెల్ గురించి ఒక మాట అనాల్సిందే. వంటగదిలో నిండు గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు కూడా కలిపితే 30 కిలోలకి అటూ ఇటూ. దాన్ని ఒరిగించి, దొర్లించి మార్చుకునే మనిషికి, 25 కిలోల బియ్యం బస్తాని గుమ్మం దగ్గర్నుంచి లోపలికి లాగే మనిషికి స్క్వాట్ కోసం 2 కిలోలు ఇవ్వడం జాగ్రత్త అనిపించుకోదు. ఆమెకి గోబ్లెట్ స్క్వాట్ (డంబెల్‌ని ఛాతీ దగ్గర పట్టుకుని చేసే స్క్వాట్) 6 నుంచి 8 కిలోలతో పరీక్షించి చూడటం సబబు. అదే మనిషికి లేటరల్ రెయిజ్‌లో 2 కిలోలే సరైనవి కావచ్చు. ఆడా మగా అన్నదాన్ని బట్టి కాదు, ఏ వ్యాయామం అన్నదాన్ని బట్టి బరువు ఇవ్వాలి.

అనుమానం వచ్చినప్పుడు తక్కువ వైపు తప్పు చేయడం మంచిదా, ఎక్కువ వైపా? రెండు తప్పుల ఖరీదు ఒకటి కాదు. 10 కిలోలు తక్కువ పెట్టుకుంటే, వారానికి రెండుసార్లు 2.5 చొప్పున పెంచుకుంటూ రెండు వారాల్లో సరిచేసుకోవచ్చు. ఆ రెండు వారాలూ వృథా కూడా కావు. కదలిక నేర్చుకోవడం సాగుతూనే ఉంటుంది. కండని ఎముకకి కట్టి ఉంచే, కండకన్నా నెమ్మదిగా గట్టిపడే స్నాయువులకి కొంత సమయం దొరుకుతుంది. 10 కిలోలు ఎక్కువ పెట్టుకుంటే మర్నాటికి, ఇంకా ఎక్కువగా మూడో రోజుకి మెట్లు దిగలేనంత నొప్పులు వస్తాయి, ఆ వారం జిమ్ ఎగ్గొడతారు, మరీ ముఖ్యంగా తప్పు పద్ధతి ఒంటికి అలవాటవుతుంది. ఇంతకన్నా తీవ్రమైనది ఒకటుంది, అరుదే అయినా. అలవాటు లేని ఒంటితో మొదటి రోజే విపరీతంగా చేస్తే కండరాల కణాలు చిట్లి, వాటిలోని పదార్థం మూత్రపిండాలకి చేరుతుంది. దీన్ని డాక్టర్లు రాబ్డోమయోలిసిస్ అంటారు. దీనికి పెద్ద బరువే ఉండాల్సిన పని లేదు, పందెం వేసుకుని తీసిన వందల గుంజీలు చాలు. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

బీపీ ఉన్నవాళ్లు, కంటి రెటీనా సమస్య ఉన్న షుగర్ పేషెంట్లు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. వాళ్ల విషయంలో బరువు ఎంతన్నది ఒక్కటే కాదు, ఊపిరి బిగపట్టకుండా ఎత్తగలుగుతున్నారా అన్నది కూడా కొలతే, ఎందుకంటే ఊపిరి బిగపట్టి బలం తీసినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. 65 ఏళ్లు దాటినవాళ్లలో చాలామందికి మొదటి బరువు సొంత ఒళ్లే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పది సార్లు లేవగలిగాకే డంబెల్ మాట. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచాలి. అంటే బరువుని సున్నా కన్నా కిందికి తగ్గించినట్టే.

చివరిగా, ప్రారంభ బరువు ఒక్కసారి ఎంచుకుంటే తీరిపోయే పని కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు మళ్లీ ఎంచుకోవాల్సి వస్తుంది. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక, జ్వరం తగ్గాక, ఊరెళ్లి వచ్చాక. వారం గ్యాప్ అయితే పాత బరువే పెట్టుకుని ఒక సెట్ తగ్గిస్తే చాలు. మూడు నాలుగు వారాలైతే పాత బరువులో పావు వంతు తీసేసి మొదలుపెట్టడం మంచిది. నేర్చుకున్న కదలిక అంత తొందరగా పోదు కాబట్టి బరువు మాత్రం మొదటిసారి కన్నా వేగంగా తిరిగి వస్తుంది. డెంగీ లాంటిది వచ్చి లేచినవాళ్లు మాత్రం పాత నోట్‌బుక్‌లోని అంకెలు చూడకుండా, ఖాళీ రాడ్ దగ్గర్నుంచి పైన చెప్పిన పరీక్ష మళ్లీ చేసుకోవాలి.